పెళ్లిపాటల పక్కనున్న పుస్తకం

తాటాకుమీద గంటం చెక్కిన అక్షరం కాగితంమీద అచ్చుగా కుదురుకొని, ఆ అచ్చు సైతం అరచేతిలోని అద్దపుపలకపై వేలి తాకిడికి జరిగిపోయే ఛాయగా మారుతున్న ఈ కాలంలో, పాపాగ్ని ఏట నీటికంటె ఇసుకే ఎక్కువగా కనిపించే వేంపల్లెలో, వర్తకులు ధర్మార్థం నిలిపిన ఒక చిన్న గ్రంథాలయానికి తాళంచెవి పట్టిన నాటినుండి తల నెరిసిన నేటివరకు ఒక్క పుస్తకాన్నయినా నేలమీద పెట్టి ఎరుగని, పొరపాటున కాలు సోకితే కళ్లకద్దుకొనక మానని ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మ, ఒకనాటి ఉదయం తాను పుణ్యమనుకొని చేసిన పనే చావుకబురై ఊరంతా తిరుగుతున్నదని విని, నిలుచున్న బండమీదనే కొయ్యబారిపోయింది.

ఆ కబురు పుట్టుక తెలియాలంటే ఆ గ్రంథాలయంలోని దక్షిణపు బీరువాను ముందుగా ఎరగాలి.

పోయినవారి ప్రాణం సాగే దారిని చెప్పే అపరకర్మల పుస్తకాన్ని అక్కడివారెవరూ ఇంట ఉంచుకోరు. మైలదినాలలో దానిని చదివించుకొని తీరాలి. ఆ దినాలు గడిచాక అది గడపలో నిలువరాదు. మరి అంతవరకు అది ఎక్కడ ఉండాలి? గ్రంథాలయాన్ని నిలిపిన వర్తకులలో ఒకడైన తిమ్మయ్యశెట్టి తన నడివయసులోనే దీనికొక తోవ చూపాడు. ఎవరి ఇంటా ఉండరానిది సరస్వతి ఇంట ఉండవచ్చునని, ఆ పుస్తకాన్ని కావిగుడ్డలో కట్టించి, దక్షిణపు గోడకు ఒంటిగా ఆనించిన బీరువాలో, మరే గ్రంథమూ తగలకుండ పెట్టించాడు.

ఇంట కీడు జరిగినవాడు వచ్చి గ్రంథాలయం మెట్టుకింద నిలుచుంటాడు. నోరు తెరిచి అడగడు. రాజ్యలక్ష్మమ్మ అతని ముఖం చూసి లేచి బీరువా తలుపు తీస్తుంది. గుడ్డమూట కిందపడకుండ రెండు చేతులా అందిస్తుంది. అతడు వెళ్లివస్తానని చెప్పడు, ఆమె రమ్మని అనదు. బీరువా వీధికిటికీకి సూటిగా ఉన్నది గనుక ఆ తలుపు తెరుచుకొన్నంతనే బజారులో తక్కెడ పట్టినవాడు తక్కెడ దించి, పూలు కట్టేవాడు దారం ఆపి, ఎవరింట అని చూసేవారు. ఏ నోరూ మోయకముందే ఊరికి మరణవార్త మోసేది ఆ చెక్కతలుపే.

పెళ్లిపాటల సంపుటం మాత్రం ఈశాన్యమూలన, పసుపు పూసిన అరలో ఉండేది. తలంబ్రాలనాడు పాడేవి, బంతులాటకు పాడేవి, తల్లికి కన్నీరు పెట్టించే అప్పగింతల పాటలు అందులో ఉన్నాయి. ఆ పుస్తకానికీ ఈ పుస్తకానికీ నడుమ గది నిడివి ఎంతో అంత దూరం. ఆ దూరాన్ని రాజ్యలక్ష్మమ్మ ఒక వ్రతంలా కాపాడుకొంటూ వచ్చింది.

ఈ ఏడు ధర్మకర్తలకు గ్రంథాలయాన్ని ఆన్‌లైనులో పెట్టాలనే సంకల్పం కలిగింది. కడపలో గ్రంథాలయశాస్త్రం చదివిన ఉదయశ్రీ అనే పిల్ల వచ్చి, ప్రతి పుస్తకానికి దాని విషయాన్నిబట్టి ఒక సంఖ్య కేటాయించి, అట్టబొమ్మ తీసి, కంప్యూటరులోకి ఎక్కించింది. పని ముగిసిననాడు ఆ కేటలాగు లింకును సభ్యులందరి ఫోన్లకూ పంపి, తన ఫోను తెచ్చి రాజ్యలక్ష్మమ్మ చేతిలో పెట్టింది.

"పెద్దమ్మా, ఈడ చూడు. మన అరలన్నీ దీంట్లోకి వచ్చేసినాయి. ఒక పుస్తకం వెదికితే దానికి అటుపక్క ఇటుపక్క ఉండేవి గూడా కనపడతాయి. వేలితో ఇట్ల జరిపితే సాలు, బీరువా ముందర నిలబడి చూసినట్లే."

"నేను నిలబడి నిలబడి కాళ్లు వాపు తెచ్చుకుంటి. నువ్వు కూర్చోబెట్టి చూపిస్తాండావు. బాగుండాది పాపా. యాదీ, మన పెళ్లిపాటలు చూపించు."

పెళ్లిపాటలు ఆమె నోట రావడానికి కారణముంది. తిమ్మయ్యశెట్టి మనుమరాలు యామినికి ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు నడిపే సుబ్బనరసయ్య కొడుకుతో పెళ్లి కుదిరింది. పసుపు దంచడం అయింది, పందిరి పడింది. ఒక్కటే కొరత: తుంటి ఎముక విరిగి కడప ఆసుపత్రిలో కోత పడిన తిమ్మయ్యశెట్టిని ఇంటికి తెచ్చి లోపలిగదిలో పడుకోబెట్టారు. పుండు మానేదాకా పరాయివారిని గదిలోకి పోనీయరాదని వైద్యుడి ఆన. ఈ పెళ్లి చూసి లేస్తానని ఆ ముసలాయన పట్టుదల.

ఫోనులో పసుపురంగు అట్ట మెరిసింది. రాజ్యలక్ష్మమ్మ మురిసి, చూపుడువేలితో మెల్లగా పక్కకు జరిపింది. నిప్పుకణిక తగిలినట్టు వేలు వెనక్కు తీసుకొంది. పెళ్లిపాటల భుజానికి భుజం ఆనించుకొని, గుడ్డ లేదు, మాటు లేదు, ఆ పుస్తకం కూర్చుని ఉంది.

"ఇది ఈడికెట్ల వచ్చె పాపా?"

"అది దాని చోటే గదా పెద్దమ్మా. పెళ్లీ సంస్కారమే, అదీ సంస్కారమే. ఒకే జాతి. అందుకే నెంబర్లు పక్కపక్కన పడినాయి."

"నేను ఆ మూలకొకటి ఈ మూలకొకటి పెట్టి కాపాడుకుంటా వస్తే, నీ నెంబరు రెండిటినీ ఒకే పీటమీద కూర్చోబెట్టిందా?"

ఉదయశ్రీ నవ్వింది. "నెంబరుకు మడీ మైలా తెలీదు పెద్దమ్మా."

"దానికి తెలీదులే. చూసేవాళ్లకు తెలుస్తాది గదా. పెళ్లోళ్ల కండ్లబడితే ఏమనుకుంటారు?"

"మార్చాలంటే మా సార్‌ను అడగల్ల. మళ్లొచ్చినప్పుడు చూస్తాలే. నువ్వు దాన్నే తల్చుకోని అన్నం మానొద్దు." అని ఆ పిల్ల సంచి సర్దుకొని కడప బస్సెక్కింది.

రాజ్యలక్ష్మమ్మకు మనసు నిలువలేదు. ఆమె ఎరిగిన లోకంలో పుస్తకాన్ని ఎవరి పేరనైనా రాసి ఇస్తే అది అర విడిచిపోతుంది, అక్కడ సందు మిగులుతుంది. అద్దంలో ఉన్నా అర అరే కదా అనుకొంది. ఉదయశ్రీ నేర్పిన విధంగా కంప్యూటరు తెరిచి, ఆ పుస్తకాన్ని ఇచ్చినట్టు రాయబోయింది. ఎవరికి ఇస్తున్నావని అది అడిగింది.

అక్కడ ఆమె వేలు ఆగిపోయింది. ఆ పుస్తకం ఎవరి పేర ఎక్కితే వారి ఇంటికి కీడు దారి చూసుకొంటుందని ఊరి నమ్మకం. ఆమెకూ అదే నమ్మకం. ఆమె ఇంట పెనిమిటి ఓబులేసు, కొడుకు నవీన్, కోడలు శ్రావణి. శ్రావణి నిండుచూలాలు. సభ్యుల పేర్లు తెరమీద బారులు తీరి నిలుచున్నాయి. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క ఇల్లు, ఒక దీపం, ఒక ఉయ్యాల కనిపించాయి. పరుల వాకిలికి దానిని తోయడానికి చేతులు రాక, కళ్లు మూసుకొని, ఒంటిమిట్ట కోదండరాముణ్ణి తలచుకొని, తన పేరే నొక్కింది. పుస్తకం మాత్రం బీరువాలోనుంచి అంగుళమైనా కదలలేదు. పని జరిగిందని యంత్రం చెప్పగానే ఆమె దానిని ఆపివేసి, ఇంటికి పోయి, పుస్తకాన్ని తాకకున్నా మైల పోవాలని తలస్నానం చేసింది.

మరునాడు గ్రంథాలయం తలుపు తీయగానే, ఎదుట పూలు కట్టే కంబన్న కిటికీదగ్గరికి వచ్చి నిలుచున్నాడు. చేతిలో తెల్లచేమంతుల దారం.

"యమ్మా, దండలు పెద్దవి కట్టల్లనా, సాదావి సాలునా?"

"ఎవరికప్పా?"

"ఎవరికేంది, శెట్టిగారికి. శానా మంచి మనిషి. పెళ్లి ముందరబెట్టుకోని ఎంత పని జరిగె."

రాజ్యలక్ష్మమ్మ కిటికీకి దగ్గరగా జరిగింది. "శెట్టిగారు పోయినారని ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పల్యా. బీరువా తలుపు తెరిసింది గూడా నేను చూళ్యా. ఐతే నీ ఫోను బీరువాలో ఆ పుస్తకం బయటికి పోయినట్టు ఎర్రగా వచ్చిందంట. బజారంతా చూస్తాండారు. మంచంలో ఉండే పెద్దమనిషి ఊర్లో ఇంకెవురుండారమ్మా?"

ఆమె ఫోను తెరిచింది. లింకు నొక్కి ఆ అరకు జరిపింది. పసుపురంగు పెళ్లిపాటలు, వాటి పక్కనే, నిన్నటిచోటనే, ఆ పుస్తకం. పోలేదు. పైగా దాని నొసట, నిన్న లేని ఎర్రని గుర్తు: 'పాఠకుని వద్ద ఉన్నది.'

కంటి ఎదుటి అరలో పుస్తకం తీస్తే శూన్యం మిగులుతుంది. ఈ మాయా అరలో శూన్యానికి చోటు లేదు. ఉన్నదీ కనిపిస్తుంది, లేనిదీ కనిపిస్తుంది. లేనిదానికి ఎర్రబొట్టు అదనం. కప్పబోయినదానికి తన చేతులతోనే ఆమె దండోరా వేయించింది.

ఇంతలో ఎర్రగుంట్ల కారు ఒకటి దుమ్ము లేపుకొంటూ కిటికీముందునుంచి శెట్టిగారి వీధికి మళ్లింది. లోపలినుంచి ఒక ఆడగొంతు ఏడుపు. పెళ్లికొడుకు తల్లి మహాదేవమ్మ గొంతది. ఆమె పుట్టిల్లు ఈ వేంపల్లే. దక్షిణపు బీరువా సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు. అప్పగింతల పాట ఒకటి గుర్తుకు రాక, తెల్లవారి, పుట్టింటివారు పంపిన లింకు తెరిచి, ఫోనులో పెళ్లిపాటలు వెదికి, పక్కకు జరిపింది, చూడరానిది చూసింది.

తలుపు వేయడం కూడా మరచి రాజ్యలక్ష్మమ్మ ఆ వీధికి నడిచింది. నడిచిందని చెప్పడమే గాని, కాళ్లకింద నాపబండలు ఉన్నాయో లేవో ఆమెకు తెలియదు.

శెట్టిగారి ఇంటిముందు కొబ్బరాకుల పందిరి ఇంకా పచ్చివాసన వీడలేదు. దానికింద మగపెళ్లివారు నిలుచున్నారు. లోపలిగది తలుపుకు అడ్డంగా శెట్టిగారి కొడుకు, పెళ్లికూతురి తండ్రి, రాఘవేంద్రప్రసాద్.

"బావా, మనం కలిసి బతకాల్సినోళ్లం. నిజం చెప్పు. మామ ఎప్పుడు పోయినాడు?" అన్నాడు సుబ్బనరసయ్య.

"అవేం మాటలప్పా? నాయన లోపల పండుకోనుండాడు. ఇప్పుడే కన్ను మూసినాడు." అని, తాను అన్నదేమిటో వినిపించి నాలుక కరుచుకొని, "నిద్రపోయినాడు అంటాండా," అన్నాడు.

"అట్లయితే చూపించు."

"డాక్టరు ఎవర్నీ పోనీయొద్దన్నాడు గదా. పుండు పచ్చిగా ఉండాది."

మహాదేవమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకొని యామిని తల్లివైపు తిరిగింది. "వదినా, నేను ఈ ఊరి ఆడబిడ్డను. ఆ పుస్తకం ఊరికే బయటికి రాదని నాకు తెలీదా? తాళి పడేదాకా పీనుగను లోపల దాసిపెట్టి, మైలలో నా కొడుక్కు ముడేయాలనుకున్నారా? మేమేం పాపం చేసినాం మీకు?"

"ఒట్టు వదినా, ఆయన రాగిజావ తాగి పండుకున్నాడు," అన్నది ఆ తల్లి. చేతిలో జావగిన్నె ఇంకా ఉంది. దానిని చూపించినా ఎవరూ చూడలేదు.

"పందిరి విప్పుకో బావా," అన్నాడు సుబ్బనరసయ్య. "మైల సంగతి కాదు. చావును దాసేవాళ్లు రేపు ఇంకేం దాస్తారో ఎవురికి తెలుసు? మేం పోతాండాం."

స్తంభాన్ని ఆనుకొని నిలుచున్న యామిని ఏడవలేదు. పసుపుచేతులు రెండూ చాచి పట్టుకొని, అవి ఎవరివో అన్నట్టు చూసుకొంటూ ఉంది.

ఆ చేతులు చూశాక రాజ్యలక్ష్మమ్మకు మౌనం అసాధ్యమైంది. నోరు విప్పకుంటే ఈ పందిరి విరుగుతుంది. విప్పితే, చావుపుస్తకం తన ఇంటిపేర ఉన్నదని ఊరంతా ఎరుగుతుంది. నిండుచూలాలి ఎదుట రేపటినుండి ప్రతి నోరూ అదే తలుస్తుంది. అయినా పందిరికిందికి నడిచి వచ్చింది.

"ఆ పుస్తకం తీసుకున్నది నేను."

మహాదేవమ్మ తన చీరకుచ్చెళ్లు దగ్గరకు లాక్కొని ఒక అడుగు వెనక్కు వేసింది.

"మీ ఇంట్లో ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదు తల్లీ. ఊర్లోనే ఎవరూ పోలేదు. నీ కొడుకు పెళ్లిపాటల పక్కన అది కనపడగూడదని నా పేరున రాసుకుంటి. రాస్తే ఆడనుంచి పోతాదనుకుంటి. పోలా. ఎర్రగయ్యింది."

సుబ్బనరసయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇదేం కథ? ఎవరన్నా నమ్మేదేనా?"

"నమ్మొద్దు," అంది మహాదేవమ్మ. "ఈయమ్మ కోడలు నిండునెలలతో ఉండాది. మా అమ్మ మొన్ననే చెప్పె. కడుపుతో ఉండే పిల్లను ఇంట్లో పెట్టుకోని, తెలిసి తెలిసి ఏ ఆడదైనా ఆ పుస్తకాన్ని తన పేరున రాసుకుంటాదా? వీళ్లే చెప్పిస్తాండారు."

రాజ్యలక్ష్మమ్మ తనకు ప్రాణసంకటమైన నిజాన్ని బయట పెట్టింది. అది ప్రాణసంకటం గనుకనే నిజం కాదంటున్నారు. ఇక చెప్పడానికి ఆమెవద్ద వేరే నిజం లేదు.

అప్పుడు మూసిన తలుపు వెనుకనుంచి ఒక దగ్గు వినిపించింది. తరువాత గొంతు.

"రాఘవా, తలుపు తీ. నన్ను బయటికి తీసుకురా."

మహాదేవమ్మ చెయ్యి నోటిమీదికి పోయింది. రాఘవేంద్రప్రసాద్, "డాక్టరు," అని ఏదో అనబోయాడు. "డాక్టరు నా పుండుకు చెప్పినాడు, నా నోటికి చెప్పలేదు," అన్నది ఆ గొంతు. చక్రాలకుర్చీలో తిమ్మయ్యశెట్టి బయటికి వచ్చాడు. తెల్లని దుప్పటి, గడ్డం మాసిన ముఖం, మీసంమీద రాగిజావ తడి. వచ్చిన ఆడవాళ్లలో ఒకామె ఉలిక్కిపడి గోడకు నక్కింది.

"ఏమ్మా మహాదేవీ, నేను పోయినానని పుస్తకం చెప్పిందా? పోయేటోన్ని, నన్నొక మాట అడగొద్దా?"

ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వలేదు. రాజ్యలక్ష్మమ్మను దగ్గరకు పిలిచి, తలుపు వెనుకనుంచి అంతా విన్నానని చెప్పి, మెల్లగా అడిగాడు.

"నీ పేరే ఎందుకు రాసినావమ్మా?"

"ఇంకెవరి పేరు రాయల్ల అయ్యా?"

దుప్పటి అంచును వేళ్లతో నలిపాడు. తరువాత, "అయితే దాన్ని నా పేరుకు మార్చు. పుట్టబోయే బిడ్డ ఉండే ఇంటిమీద అదొద్దు. నా వయసుకు అది నా తలకాడ ఉన్నా తప్పులేదు," అన్నాడు.

ఈ మాట మొదటి కబురుకంటె ఎక్కువగా అందరినీ అదరగొట్టింది. మహాదేవమ్మ, అంతవరకు ఆయన పోయాడని ఏడ్చిన మనిషే, రెండు చేతులూ అడ్డంపెట్టింది. "పెండ్లింట్లో అవేం మాటలు మామా? వద్దు. అట్ల అనొద్దు."

"మరి ఆ పిల్ల కడుపు సంగతేంది? దాన్నీ వద్దనల్ల గదమ్మా?"

ఆమె తల వంచింది. చివరికి సుబ్బనరసయ్యే గొంతు సవరించుకొన్నాడు. "ఎవరి పేరూ వద్దు. అది వెనక్కి వచ్చినట్టు రాయండి. మేమూ వస్తాం."

తెరిచిపెట్టిన తలుపుతో గ్రంథాలయం అట్లే ఉంది. రాజ్యలక్ష్మమ్మ వారి కళ్లముందే దక్షిణపు బీరువా తెరిచింది. కావిగుడ్డమీద దుమ్ము ఎప్పటి దుమ్మో. ముడి ఎప్పటి ముడో. సుబ్బనరసయ్య ఆ దుమ్మును చూసి, చెప్పులు బయట విడవడం మరిచానని గ్రహించి, వెనక్కు పోయి విడిచి వచ్చాడు. కడపనుంచి ఉదయశ్రీ ఫోనులో ఏది నొక్కాలో చెప్పుతూ ఉంటే రాజ్యలక్ష్మమ్మ నొక్కింది. మహాదేవమ్మ తన ఫోనులో ఆ అరనే చూస్తూ, కాసేపటికి, "పోయింది," అంది. ఎరుపు పోయింది. పుస్తకం పోలేదు.

"పెద్దమ్మా, సార్ ఒప్పుకున్నాడు. దాని నెంబరు మార్చి దూరంగా పెట్టమంటావా?" అన్నది ఉదయశ్రీ గొంతు.

రాజ్యలక్ష్మమ్మకు అప్పుడు, బయలుదేరేముందు తిమ్మయ్యశెట్టి అన్న మాట గుర్తుకు వచ్చింది. తనను పెళ్లికొడుకును చేసి పీట వేసిన చోటనే, ఆ మధ్యగదిలోనే, తన తండ్రిని చివరిసారి పడుకోబెట్టారనీ, ఈ పెళ్లికి యామినికి మంగళస్నానానికి పీట వేసింది కూడ అక్కడేననీ, ఆ బండలు ఇంతవరకు ఎవరినీ తప్పు పట్టలేదనీ ఆయన అన్నాడు. పెద్దలు కూడ సంస్కారాలన్నింటినీ ఒకే సూత్రాన గుచ్చారే తప్ప, మొదటిపూసకూ చివరిపూసకూ వేరువేరు దారాలు పేనలేదు.

"ఉండనీ పాపా," అంది ఆమె. "ఫోన్లో యాడుంటే ఆడ ఉండనీ. నా బీరువా మాత్రం నేను జరపను."

పెళ్లి అనుకొన్న ముహూర్తానికే జరిగింది. తిమ్మయ్యశెట్టి కుర్చీలో కూర్చుని అక్షతలు వేశాడు. ఆ ఉదయం మహాదేవమ్మ తానుగా వచ్చి పెళ్లిపాటల సంపుటం తీసుకుపోయింది. పోతూ పోతూ తాను తెచ్చిన మూరెడు పూలను శ్రావణికి ఇమ్మని రాజ్యలక్ష్మమ్మ చేతిలో పెట్టింది. ఆ మధ్యాహ్నం ఎవరైనా ఫోనులో ఆ అర జరిపి ఉంటే, పెళ్లిపాటల నొసట ఎర్రబొట్టు, దాని పక్కన బొట్టు లేని ఆ పుస్తకం కనిపించి ఉంటాయి. ఆనాడు బజారులో ఎవరూ తక్కెడ దించలేదు.

ఇతరుల వాకిలికి తోయలేని కీడును తన పేర రాసుకొన్న ఆ తల్లికి ఒంటిమిట్ట కోదండరాముడు ఆయురారోగ్యాలు ఇచ్చుగాక. ఆమె చేతి తాళంచెవికి తుప్పు సోకకుండుగాక. ఓబులేసు, నవీన్ చల్లగా ఉందురుగాక. శ్రావణి కడుపున పండిన శిశువు నిండునూరేళ్లతో పుట్టి, మొదట ఈశాన్యపు అరలోని పుస్తకమే చేతబట్టి, ఆ ఇంటిల్లిపాదీ వినేటట్టు పాడుగాక.